సవర నేర్చుకున్న మేష్టారు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోను చేసినప్పుడు వంతెనల గురించి రాస్తానన్నాను. ముప్పై ఏళ్లుగా నాకు తెలిసిన పని అదొక్కటే. కానీ పోయిన వేసవిలో మన కమిటీ సమావేశంలో జరిగిన వాదన నన్ను వదల్లేదు. పూర్వ విద్యార్థుల నిధిని దేనికి ఖర్చు పెట్టాలన్నది ఆ రోజు విషయం. కంప్యూటర్ల గది కట్టిద్దామని ఎక్కువమంది అన్నారు. మాకు రెండేళ్లు జూనియరైన ఒక తమ్ముడు లేచి వేరే మాట చెప్పాడు. కింద మైదానం నుంచి కొత్తగా వచ్చే టీచర్లకు పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలు కొంచెం నేర్పే ఏర్పాటు చేద్దామన్నాడు. చాలామంది నవ్వారు. పిల్లలు తెలుగు నేర్చుకోవాలిగాని పంతుళ్లు మన కొండ భాషలు నేర్చుకోవడమేమిటని అడిగారు. నేను నవ్వలేదు. అలాగని అతని పక్షాన మాట్లాడనూ లేదు. అది తప్పేనని తర్వాత అనిపించింది.

ఎందుకంటే మా ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. ఒకటో తరగతిలో నేను పాణి అంటే మేష్టారికి అర్థమయ్యేది, ఆయన నీళ్లు అంటే నాకు అర్థమయ్యేది కాదు. మా బెంచీలోనే కూర్చునే గదబ కుర్రాడి సంగతైతే మా ఇద్దరికీ తెలిసేది కాదు. వాడు రెండో తరగతి పూర్తి కాకుండానే బడి మానేశాడు. మొద్దబ్బాయనే అందరం అనుకున్నాం. అడవిలో వాడికి తెలియని చెట్టు లేదు.

ఆ సమావేశం నుంచి తిరిగొచ్చాక గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి జీవితం కాస్త శ్రద్ధగా చదివాను. ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. పటానికి దండ వేస్తాం, వాడుక భాషకు పితామహుడని చెప్పుకుంటాం, పిల్లలచేత వ్యాసాలు రాయిస్తాం. ఆయన ఒక కొండజాతి భాష నేర్చుకోవడానికి సగం జీవితం పెట్టిన బడిపంతులని మాత్రం మన కొండల్లో బడుల్లో కూడా ఎక్కువగా చెప్పరు. అందుకే వంతెనలు పక్కనపెట్టి ఇది రాస్తున్నాను.

ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రిది రెవెన్యూ ఉద్యోగం. చోడవరం బదిలీ అయి వెళ్లి, అక్కడే 1875లో విషజ్వరంతో చనిపోయారు. అప్పటికి కుర్రవాడికి పన్నెండేళ్లు. విశాఖపట్నంలో మేనమామ ఇంట్లో ఉండి హైస్కూలు చదివి 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. ఆ ఏడే పెళ్లి. మరుసటి సంవత్సరం పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు ముప్పై రూపాయల జీతంమీద ఫస్టుఫారం పిల్లలకు చరిత్ర చెప్పే ఉద్యోగంలో చేరారు. ఎఫ్.ఏ., బి.ఏ. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా పాసయ్యారు. పంతులు ఉద్యోగం వచ్చాక కూడా చదువు ఆపని మనిషి.

పనికి ఆయన దిగే పద్ధతి మొదట శ్రీముఖలింగం శాసనాల దగ్గర కనిపిస్తుంది. వంశధార ఒడ్డున ఉన్న ఆ గుడి గోడలనిండా తూర్పు గాంగుల కాలంనాటి రాతలు ఉన్నాయి. చరిత్ర మేష్టారై ఉండి వాటిని చదవలేకపోవడమేమిటని పాత లిపులు సొంతంగా నేర్చుకుని ఆ శాసనాలు చదివారు, వాటిమీద వ్యాసాలు రాశారు. ఎవరో వచ్చి నేర్పుతారని కూర్చోలేదు. అప్పుడు శిక్షణ తరగతులూ లేవు, వెళ్తే దినభత్యమూ లేదు.

పర్లాకిమిడి మహేంద్రతనయ ఒడ్డున ఉంది. చుట్టూ కొండలు, ఆ కొండల్లో సవరలు. వాళ్లు సంతకు దిగేవారు, కచేరీలకు వచ్చేవారు. షావుకారు లెక్క చెబితే వాళ్లకు తెలియదు, వాళ్లు గోడు చెప్పుకుంటే కచేరీలో తెలియదు. మధ్యలో దుబాసీ ఏం చెబితే అదే మాట, అదే తీర్పు. ఇదంతా ఊళ్లో అందరూ రోజూ చూసిందే. రామమూర్తిగారు మాత్రం ఈ మనుషుల భాష నేర్చుకోవాలనుకున్నారు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని, అతని దగ్గర శిష్యుడిగా కూర్చున్నారు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ పంతులు ఇంట్లో సవరకు గురువు స్థానం ఇవ్వడమంటే మాటలు కాదు. ఊరు ఏమనుకుని ఉంటుందో ఊహించుకోవచ్చు.

నేను ఇంజనీరును, భాషాశాస్త్రం నాకు రాదు. తెలిసినంత చెబుతాను. సవర తెలుగుకు చుట్టం కాదు, ఒడియాకూ కాదు. అది ముండా కుటుంబంలోది. మన అరకు వైపు గదబల్లో కొందరు మాట్లాడే గుతోబ్ కూడా ఆ కుటుంబమే. గదబల్లోనే మరికొందరు మాట్లాడే ఒల్లారి మాత్రం ద్రావిడ భాష. ఒకే పేరుగల జాతిలో రెండు వేరు వేరు భాషలు! సవరలో గొంతు దగ్గర గాలి టక్కున ఆపి పలికే ధ్వని ఒకటి ఉంది. దానికి మన వర్ణమాలలో అక్షరం లేదు. చెవి పెట్టి వినాలి, మళ్లీ మళ్లీ పలికించుకోవాలి, దానికొక గుర్తు ఏర్పాటు చేసుకోవాలి. కొలబద్ద లేని చోట ముందు కొలబద్ద తయారు చేసుకున్నాకే కొలత మొదలవుతుంది. ఆయన ఆ పనినుంచే మొదలుపెట్టారు.

భాష కొంత పట్టుబడ్డాక కొండల్లోకి వెళ్లడం, పాటలు, కథలు రాసుకోవడం సాగింది. తర్వాత సవర పిల్లల కోసం సవరలోనే వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టించి, అక్కడి పంతుళ్ల జీతాలూ తానే ఇచ్చారు. తన జీతమే అంతంతమాత్రం. ఆ పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, తనకు వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని అడిగారట. 1913లో రావుబహదూర్ బిరుదు వచ్చింది.

ఈ తిరుగుళ్లకు ఆయన చెల్లించింది తక్కువేమీ కాదు. మన్యం జ్వరం గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా తాతలకాలంలో కింద ఊళ్ల ఉద్యోగులకు ఏజెన్సీకి బదిలీ అయితే ఇళ్లలో ఏడుపులు వినిపించేవట. రామమూర్తిగారికీ మలేరియా తగిలింది. వాడిన క్వినైనువల్ల చెవులు పోయాయి. బతికినంతకాలం ఆ చెవుడు ఆయనను వదల్లేదు. ధ్వనులు విని రాసుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడి పోయింది. ఇక్కడికి వచ్చి నేను పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చాను. ఆయన మాత్రం పని ఆపలేదు. కొడుకు సీతాపతిగారూ సవరల మీద పనిచేశారు. ముప్పై ఏళ్లకు పైబడిన శ్రమ తర్వాత సవర భాషా వ్యాకరణం ఇంగ్లీషులో 1931లో అచ్చయింది. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు.

ఒక చిన్న పక్కదారి. నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో వచ్చింది. 1931 నాటికి అది సవరల నడిబొడ్డయిన గుణుపూరు దాకా వెళ్లింది. ఆ లైనుకు సర్వే చేసినవాళ్ల కష్టం నాకు అర్థమవుతుంది. పంతులుగారు అదే కొండల్లోకి అంతకంటే ముందే, రైలు లేకుండా, ఇంకో దారి వేశారు.

తెలుగు సంగతి దీని తర్వాతే వచ్చింది. క్రమం ఇదని తెలిశాక వాడుక భాష ఉద్యమం నాకు కొత్తగా అర్థమైంది. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర మన ఉత్తర జిల్లాల బడుల పర్యవేక్షకుడిగా వచ్చాడు. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో చదివే తెలుగు మరొకటి కావడం చూసి ఆశ్చర్యపోయి కారణం అడిగాడు. విశాఖలో ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ అప్పారావుగారు, పర్లాకిమిడిలో రామమూర్తిగారు ఈ ప్రశ్నను చేతికి తీసుకున్నారు. సవర పిల్లవాడికి తెలుగులో పాఠం ఎలా ఉంటుందో, తెలుగు పిల్లవాడికి గ్రాంథికంలో పాఠం కొంతవరకు అలాగే ఉంటుందని రామమూర్తిగారికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆయన ఉపాధ్యాయుల సభల్లో మాట్లాడారు, పత్రికల్లో రాశారు, 1911లో ఉద్యోగ విరమణ చేశాక పూర్తిగా ఇందులోనే దిగారు.

ఎదుటివాళ్లు చిన్నవాళ్లు కారు. జయంతి రామయ్య పంతులుగారు, వేదం వేంకటరాయశాస్త్రిగారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు. వాళ్ల వాదాన్ని రామమూర్తిగారు ఎదుర్కొన్న తీరు నాకు బాగా నచ్చింది. మీరు తప్పని ఊరికే అనలేదు. పాత కావ్యాలు, వ్యాఖ్యానాలు, శాసనాలు ముందు పెట్టుకుని పూర్వులు వాడుక రూపాలు ఎక్కడెక్కడ వాడారో ఎత్తి చూపారు. గ్రాంథికమే రాయాలనే పండితులు తామే దాన్ని ఎక్కడెక్కడ తప్పు రాశారో కూడా చూపారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అనే పుస్తకం ఆ పరీక్షే. మా భాషలో చెప్పాలంటే, డిజైను మీద అభిప్రాయం అడిగితే లోడ్ టెస్టు ఫలితాలు ముందుపెట్టారు. అంత చేసినా ఒప్పుకోనివారు ఒప్పుకోలేదు. ఆయన మాట కటువనీ, ఎదుటివాడి తప్పు పట్టుకుంటే వదలరనీ కొందరికి కోపం. అదీ నిజమే అయుండాలి. మెత్తగా ఉండేవాళ్లు ముప్పై ఏళ్లు ఒకే వాదం మీద నిలబడలేరు.

స్కూల్ ఫైనల్ పరీక్షలో వ్యాసం వాడుక తెలుగులో రాసుకోవచ్చని ఒకసారి అనుమతి వచ్చింది. గొడవ లేచి రెండు మూడేళ్లకే అది పోయింది. 1915లో గురజాడ కన్నుమూశారు. 1919 ఫిబ్రవరిలో కందుకూరి వీరేశలింగంగారు అధ్యక్షుడిగా, రామమూర్తిగారు కార్యదర్శిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం రాజమండ్రిలో మొదలైంది. మూడు నెలలకే వీరేశలింగంగారూ పోయారు. ఆ ఏడే రామమూర్తిగారు తెలుగు అనే పేరుతో మాసపత్రిక పెట్టి ఏడాదిపాటు నడిపారు. మనిషి ఒంటరి, చెవులు వినపడవు, పరీక్షలో దొరికిన చోటూ పోయింది. అయినా తిరుగుతూనే ఉన్నారు. 1925లో తణుకు సభలో గంటల తరబడి మాట్లాడారు. కాలం మెల్లగా ఆయనవైపు తిరిగింది. ఈ వ్యాసం నేను ఇలా రాయగలుగుతున్నానంటే, మీరు నిఘంటువు లేకుండా చదవగలుగుతున్నారంటే, ఆ తిరుగుడు ఫలితమే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. అలా జరగకూడదని ఆయన పోరాడి ఓడిపోయారు. కొత్త రాష్ట్రం ప్రారంభమైన రోజున ఊళ్లో ఉండలేక, యాభై ఆరేళ్లు కాపురమున్న ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ఉండలేను. ఒడియా మాట్లాడే ఇంట్లో పుట్టి తెలుగు బడిలో చదివిన నాకు ఆయన బాధా అర్థమవుతుంది, అవతలివాళ్ల సంతోషమూ అర్థమవుతుంది. ఇద్దరి మధ్య సవరలు మాత్రం తమనెవరూ అడగకుండానే రెండు రాష్ట్రాల్లో పడ్డారు. ఆ ఏడే గుణుపూరు వైపు మంగెయి గొమాంగో అనే సవర తమ భాషకు సొరంగ సొంపెంగ్ అనే సొంత లిపి తయారు చేశాడు. పంతులుగారు తెరిచిన తలుపులోంచి కాకుండా తమ తలుపు తామే తెరుచుకున్నారన్నమాట. రెండూ కావలసినవేనని నా అభిప్రాయం.

కైజర్–ఇ–హింద్ పతకం 1934లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ 1938లో వచ్చాయి. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. చనిపోవడానికి వారం ముందు కూడా పత్రికలవాళ్లను కలిసి వాడుక భాష గురించే మాట్లాడారు.

ఆయన పోయిన అరవై ఏళ్లు దాటాక, 2004 ప్రాంతంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా భాషల్లో చిన్న తరగతుల వాచకాలు తెలుగు లిపిలో తయారయ్యాయి. మన ఆదివాసీ ఒడియా వాచకం మొదటిసారి చేతికి వచ్చినప్పుడు మా అమ్మకు చదివి వినిపించాను. పుస్తకంలో మన మాటలు ఎవరు పెట్టారని రెండుసార్లు అడిగింది. కానీ వాచకం వచ్చినంత మాత్రాన సరిపోదు. దాన్ని చెప్పే మేష్టారికి ఆ భాష రావాలి. ఆదివాసీ పంతుళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, నిజమే. అయితే కొండదొర మేష్టారు కువి పిల్లల ఊరికి వెళ్తే, ఆయనా మొదటి రోజు మైదానపు మేష్టారే.

కంప్యూటర్ల గదికి నేను వ్యతిరేకిని కాను, కావాలంటే విద్యుత్ పనులు దగ్గరుండి చేయిస్తాను. తమ్ముడు చెప్పిన పని కూడా చేద్దామని ఇందుమూలంగా చెబుతున్నాను, ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు. టీచరు మొదటి నెలలో తరగతిలో వాడే మాటలు కొన్ని వందలుంటే చాలు. కూర్చో, చూపించు, ఆకలేస్తోందా, కడుపునొప్పా, ఎందుకు ఏడుస్తున్నావు లాంటివి. ఆదివాసీ ఒడియా భాగం నేను రాయడం మొదలుపెట్టాను. కొండ భాషకూ, కువికీ ఇద్దరు స్నేహితులు ఒప్పుకున్నారు. గదబకు ఇంకా ఎవరూ దొరకలేదు. మన రోజుల్లో చదివినవాళ్లలో ఇంట్లో గుతోబ్ మాట్లాడేవాళ్లుంటే, ఉత్సవం రోజున భోజనాల దగ్గర నన్ను కలవండి. నోటుపుస్తకం తెస్తాను.