డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

కర్మాగారములలోను ప్రయోగశాలలలోను పనిచేయుచు, జీతము పుచ్చుకొనుచునే పట్టమునకు చదువుకొను మార్గములు నేడు కొన్ని యేర్పడినవి. ఇంగ్లండులో యజమానులే తమ పనివారిని విశ్వవిద్యాలయ పట్టమువరకు చదివించు పద్ధతి 2015లో మొదలయ్యెను. మన దేశమున యూ.జీ.సీ. వారు 2020లో పనితో గూడిన పట్టములకు నియమములు చేసిరి. ఇట్టి యాదరువు లేని కాలమున కూటికొకచోట, చదువునకు వేరొకచోట పాటుపడి పట్టము గడించిన మన గోదావరి సీమవారి చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. తల్లి వెంకమ్మగారు. బాల్యమున కొంతకాలము మన కొవ్వూరునకు ఆవలి యొడ్డుననున్న రాజమహేంద్రవరములో చదివిరి. చదువుపై మనసు నిలువక, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనవంతుడను కావలెనని యిల్లు విడిచి పోగా, తల్లి వెనుకకు రప్పించెను. మెట్రిక్యులేషను పరీక్ష రెండుమారులు తప్పి, మూడవమారు చెన్నపట్టణమున కృతార్థులైరి. పరీక్ష తప్పిన పిల్లల తలిదండ్రులు ఈ సంగతి గమనింతురుగాక.

చెన్నపట్టణపు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించుటచే నొక ఆచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బీ.బీ.ఎస్. పట్టమునకు మారుగా తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరి. ఆ దినములలోనే సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే స్వల్పకాలములో మృతినొందిరి. వైద్యము చదివిన సోదరుడుండియు వారిని బ్రతికించు మందు లేకపోయెను.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారును, మామగారును ధనసహాయము చేయగా, 1923 అక్టోబరు 26వ తేదీన సుబ్బారావుగారు అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. అచ్చట వైద్యము చేయుటకు వారికి అనుమతి లేదు. అందుచే రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగు కూలికి కుదిరి, పగలు హార్వర్డులో ఉష్ణదేశ వ్యాధులనుగూర్చి చదివి, 1924లో డిప్లొమా నందిరి. పిమ్మట ఫిస్కీ అను ఆచార్యునివద్ద జీవరసాయనశాలలో చేరిరి. రక్తములోని భాస్వరమును నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు విధానమును వారిరువురు 1925లో ప్రకటించిరి. అది నేటికిని వారిరువురి పేరనే చెప్పబడుచున్నది. 1927లో ఫాస్ఫోక్రియేటిను, 1929లో ఏ.టీ.పీ. బయల్పడినవి. కండరము పనిచేయుటకు కావలసిన శక్తి దేనినుండి వచ్చునో వీనివలన తెలియవచ్చెను. చేతితో చేసిన యీ పనియే వారికి 1930లో పీహెచ్.డీ. పట్టమును దెచ్చెను. కాని పట్టమిచ్చిన హార్వర్డువారు స్థిరమైన ఆచార్యపదవి నీయరైరి. ఇది న్యాయమని నేను చెప్పజాలను.

1940లో వారు న్యూయార్కు సమీపమున పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీలో చేరి, పరిశోధనశాఖకు అధిపతియైరి. వారి నాయకత్వమున శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమముగా తయారుచేసిరి. అది స్ప్రూ వ్యాధికి మందు. సోదరులకు దొరకని మందు. 1947లో హెట్రజాన్ వెలువడెను. కాలు ఏనుగుకాలువలె వాచి, చేను దున్నలేక అరుగుమీద కూర్చుండిన బోదకాలువారిని ఎరుగని ఇల్లు మన డెల్టాలో ఒకప్పుడు అరుదు. ఆ వ్యాధిని నివారించుటకై ప్రభుత్వమువారు మన గ్రామములలో ఇంటింట పంచిన డీ.ఈ.సీ. మాత్ర ఆ మందే. 1948లో ఫార్బరు అను వైద్యుడు వారి ప్రయోగశాలనుండి వచ్చిన అమినాప్టెరినుతో రక్తక్యాన్సరుగల పిల్లలకు కొంతకాలము ఉపశమనము కలిగించెను. దానికి దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేటును నేటి వైద్యులును వాడుచున్నారు. డగ్గరు అను వృద్ధశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిను కూడ ఆ ప్రయోగశాలలోనే పుట్టి, ఆ సంవత్సరమే లోకమునకు వెల్లడియైనది.

ఆ 1948 ఆగస్టులోనే సుబ్బారావుగారు న్యూయార్కులో నిద్రలోనే మరణించిరి. అప్పటికి వారి వయస్సు 53 సంవత్సరములు. అమెరికా పౌరసత్వము పుచ్చుకొనలేదు. స్వదేశమునకు మరల రాలేదు. 1923లో విడిచిపోయిన భార్య వారిని మరల చూడలేదు. వారి శతజయంతి సంవత్సరమగు 1995లో భారత తపాలా శాఖవారు వారి చిత్రముతో బిళ్ళ వెలువరించిరి.