పనిమనిషిగా వెళ్లి.. ఆకాశానికి రికార్డు రాశారు!

డేటా ఎంట్రీ, డేటా లేబులింగ్, డాక్యుమెంటేషన్.. ఆఫర్ లెటర్‌లో ఇలాంటి మాటలు కనిపిస్తే చాలామందికి ఉత్సాహం చల్లారిపోతుంది. ఇంత చదివింది ఇందుకా అనిపిస్తుంది. సరిగ్గా ఇలాంటి పనితోనే ఖగోళశాస్త్ర చరిత్రలో నిలిచిపోయారు విలియమినా ఫ్లెమింగ్. ఆమె చనిపోయిన 52 ఏళ్లకు, ఆమె సర్దిపెట్టిన గాజు ప్లేట్ల భాండాగారమే క్వాజార్లను అర్థం చేసుకోవడానికి అక్కరకొచ్చింది.

దేశం కాని దేశంలో..

విలియమినా 1857 మే 15న స్కాట్లాండ్‌లోని డండీలో పుట్టారు. 14 ఏళ్ల వయసులోనే చదువుకుంటూ చిన్నపిల్లలకు పాఠాలు చెప్పారు. 1877లో జేమ్స్ ఫ్లెమింగ్‌తో పెళ్లయింది. మరుసటి ఏడాది ఇద్దరూ అమెరికాలోని బోస్టన్‌కు వెళ్లారు. కొద్దికాలానికే భర్త ఆమెను వదిలేశాడు. అప్పటికే ఆమె గర్భిణి. డిగ్రీ లేదు, అయినవాళ్లు దగ్గర లేరు. బతకడానికి ఇంటిపనిలో చేరారు. ఆ ఇల్లు హార్వర్డ్ కాలేజీ అబ్జర్వేటరీ డైరెక్టర్ ఎడ్వర్డ్ పికరింగ్‌ది.

మగ అసిస్టెంట్ల పనితీరుతో విసిగిపోయి, వాళ్లకంటే తన ఇంటి పనిమనిషే నయమని పికరింగ్ అన్నాడని ఓ కథ ప్రచారంలో ఉంది. కథ సంగతెలా ఉన్నా, 1879లో ఆమె పార్ట్‌టైమ్‌గా అబ్జర్వేటరీలో అడుగుపెట్టారు. ప్రసవానికి సొంతూరు వెళ్లొచ్చి, 1881లో పర్మనెంట్ ఉద్యోగి అయ్యారు. కొడుక్కి పికరింగ్ పేరే పెట్టుకున్నారు.

అప్పట్లో కంప్యూటర్ అంటే మనిషే!

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే లెక్కలు చేసే ఉద్యోగి. అబ్జర్వేటరీలో ఈ పని చేసిన మహిళల్లో చాలామందికి గంటకు 25 సెంట్లు ఇచ్చేవారు. రాత్రి టెలిస్కోపుతో గాజు ప్లేట్ల మీద ఆకాశాన్ని ఫొటో తీస్తే, పగలు ఈ బృందం వాటిని భూతద్దంతో పరిశీలించేది. అవి నెగెటివ్‌లు కాబట్టి నక్షత్రాలు నల్లచుక్కల్లా కనిపిస్తాయి. నక్షత్రం ఎంత ప్రకాశవంతమైతే చుక్క అంత పెద్దది. కొన్ని ప్లేట్ల మీద చుక్కలకు బదులు నక్షత్రాల వర్ణపటాలు ఉంటాయి.

ఫ్లెమింగ్ పద్ధతి చూడండి. వర్ణపటంలో హైడ్రోజన్ గీతలు మామూలుకు భిన్నంగా మెరుస్తూ కనిపిస్తే, ఆ నక్షత్రం కాంతి మారుతుండొచ్చని అనుమానించేవారు. వెంటనే అదే ప్రాంతపు పాత ప్లేట్లు బయటికి తీసి, ఏ తేదీన చుక్క ఎంతుందో పోల్చేవారు. ఇలా 300కు పైగా చరకాంతి నక్షత్రాలను, 10 నోవాలను గుర్తించారు. 10,351 నక్షత్రాల వర్ణపటాలతో 1890లో వచ్చిన డ్రేపర్ కేటలాగ్‌లో వర్గీకరణ ప్రధానంగా ఆమెదే.

1888లో తీసిన ఒక ప్లేట్‌పై అర్ధవృత్తాకారపు నొక్కును మొదట గమనించిందీ ఆమే. అదే ఇప్పుడు అందరికీ తెలిసిన హార్స్‌హెడ్ నెబ్యులా. కానీ ఆ తర్వాత వచ్చిన నెబ్యులాల జాబితాలో ఆమె కనుగొన్న వాటి ఖ్యాతి పికరింగ్ ఖాతాలో పడింది.

పేరొచ్చింది.. జీతం?

పాత ప్లేట్‌తో పోల్చాలంటే ముందు అది దొరకాలి కదా. ఏ రాత్రి, ఏ టెలిస్కోపు, ఆకాశంలో ఏ భాగం, ఎంతసేపు ఎక్స్‌పోజర్.. ఇవన్నీ రాసి ఉండాలి. అమెరికాతో పాటు పెరూలోని ఆరెకిపా కేంద్రం నుంచీ ప్లేట్లు వచ్చిపడేవి. అగ్నిప్రమాదం భయంతో 1893లో వాటికోసం ప్రత్యేకంగా ఇటుక భవనం కట్టారు. 1899లో ఫ్లెమింగ్‌ను ఖగోళ ఛాయాచిత్రాల క్యూరేటర్‌గా నియమించారు. హార్వర్డ్‌లో అలాంటి అధికారిక పదవి పొందిన తొలి మహిళ ఆమే.

అయినా జీతం ఏడాదికి 1,500 డాలర్లే. మగ అసిస్టెంట్లకు 2,500. కొడుకు ఎంఐటీలో చదువుతున్నాడు, ఇంటి ఖర్చంతా తనదే. జీతం పెంచమని పికరింగ్‌ను అడిగితే, మహిళలకు ఇతరచోట్ల ఇచ్చేదాంతో పోలిస్తే ఇది ఎక్కువేనన్న ధోరణిలో జవాబొచ్చింది. ఆ బాధనంతా 1900లో తన డైరీలో రాసుకున్నారు. 1906లో బ్రిటన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆమెను గౌరవ సభ్యురాలిగా ఎంచుకుంది. 1911 మే 21న, 54 ఏళ్ల వయసులో న్యుమోనియాతో కన్నుమూశారు.

1963లో తెరిచిన అల్మారా

1963లో 3సి 273 అనే వస్తువు శాస్త్రవేత్తలను నివ్వెరపరిచింది. చూడ్డానికి మామూలు నక్షత్రంలా ఉన్నా, దూరం 200 కోట్ల కాంతి సంవత్సరాలకు పైనే! అంత దూరం నుంచి అంత వెలుగెలా? హార్లన్ స్మిత్, డోరిట్ హాఫ్లైట్ హార్వర్డ్ ప్లేట్లు తిరగేశారు. అది అంతకుముందెప్పుడో, ఎవరికీ తెలియకుండానే ఫొటోల్లో పడింది. 1887 నుంచి సుమారు ముప్పావు శతాబ్దం పాటు దాని వెలుగు ఎలా పెరిగిందో, తగ్గిందో గ్రాఫ్ గీయగలిగారు.

ఇందులో అసలు విషయం పరిమాణం. ఒక వస్తువు వెలుగు మొత్తంగా కొన్నేళ్లలో మారిపోతోందంటే, ఆ వెలుగొచ్చే చోటు మహా అయితే కొన్ని కాంతి సంవత్సరాల వెడల్పే ఉండాలి. గెలాక్సీ వెడల్పు మాత్రం లక్ష కాంతి సంవత్సరాల స్థాయిలో ఉంటుంది. అంటే గెలాక్సీ మొత్తాన్ని మించిన వెలుగు ఓ చిన్న కేంద్రం నుంచి వస్తోందన్నమాట. గెలాక్సీ నడిబొడ్డున భారీ బ్లాక్‌హోల్, దానిలోకి పడుతూ వేడెక్కే వాయువు అనే నేటి వివరణకు దారిచూపిన ఆధారాల్లో ఇదొకటి. ఓజే 287 అనే మరో గెలాక్సీ సుమారు 12 ఏళ్లకోసారి భగ్గుమంటుందని తెలిసిందీ ఇలాంటి పాత ప్లేట్ల వల్లే. గడిచిపోయిన రాత్రిని ఏ కొత్త టెలిస్కోపూ మళ్లీ ఫొటో తీయలేదు. అందుకే హార్వర్డ్‌లోని 5 లక్షలకు పైగా ప్లేట్లలో అత్యధిక భాగాన్ని స్కాన్ చేశారు.

మనం పట్టుకెళ్లాల్సింది

క్వాజార్ అనే మాట ఫ్లెమింగ్ వినలేదు. అయినా రేపు ఎవరో, ఏదో అడుగుతారన్నట్టే రికార్డు కట్టారు. మీ మొదటి ఉద్యోగం ఏదైనా తేదీ, మూలం, చేసిన మార్పు, దానికి కారణం.. ఈ నాలుగూ రాసే అలవాటు చేసుకోండి. మీరు మానేశాక కూడా ఆ ఫైల్ వేరేవాళ్లకు అర్థం కావాలి. దాంతోపాటు మీరు చేసిన పని మీ పేరుతోనే నమోదయ్యేలా చూసుకోండి, జీతం గురించి నోరు తెరిచి అడగండి. ఆమె అడిగారు, అయినా దక్కలేదు. ఆ లోటు ఆమె పనిది కాదు, అక్కడి పద్ధతిది.