జి.డి.నాయుడు

జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడైన గోపాలస్వామి దొరస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) తమిళనాడులోని కోయంబత్తూరుకు చెందిన ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. ఈయన ఇంజనీరింగు పట్టా లేకుండానే యంత్రాలను విప్పి, బిగించి, వాటి పనితీరును స్వయంగా నేర్చుకున్నాడు. ఈయనను భారతదేశపు ఎడిసన్ అని కూడా పిలుస్తారు.

బాల్యము

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో తెలుగు మాట్లాడే వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. పసితనంలోనే తల్లిని కోల్పోయాడు. బడి చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయింది.

మోటారు సైకిలు

యువకుడిగా ఉన్నప్పుడు ఒక బ్రిటిషు అధికారికి చెందిన 1912 నాటి రడ్జ్ మోటారు సైకిలును చూసి ఆకర్షితుడయ్యాడు. దానిని కొనడం కోసమే కోయంబత్తూరులోని ఒక హోటలులో సర్వరుగా చేరి డబ్బు కూడబెట్టాడు. కొన్న తరువాత బండిని పూర్తిగా విడదీసి, తిరిగి బిగించాడు. ఈయనకు యంత్రశాస్త్రంలో ఇదే తొలి పాఠం.

ఆనాటి మోటారు సైకిళ్ళలో ఇంజనును చట్రం నుండి సులువుగా విడదీయవచ్చు. అందువలన ఒక సంస్థ చట్రంలో మరొక సంస్థ ఇంజనును అమర్చి బండ్లు తయారు చేయడం ఐరోపాలో పరిపాటిగా ఉండేది. ఇంగ్లాండులోని కోవెంట్రీకి చెందిన రడ్జ్ సంస్థ కూడా 1930వ దశకంలో తన ఇంజన్లను పైథాన్ అనే పేరుతో ఇతర తయారీదారులకు విక్రయించింది.

పరిశ్రమలు

1920లో నాయుడు ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య స్వయంగా నడిపాడు. ఇదే క్రమంగా యూనివర్సల్ మోటార్ సర్వీస్ (యు.ఎం.ఎస్.) అనే పెద్ద రవాణా సంస్థగా ఎదిగింది. 1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలో తొలి స్వదేశీ విద్యుత్ మోటారును తయారు చేయించాడు. బ్యాటరీతో నడిచే రసంత్ అనే క్షౌర యంత్రం కూడా ఈయన రూపొందించినదే.

1952లో రెండు వేల రూపాయల ధరకు అందించగల రెండు సీట్ల పెట్రోలు కారును రూపొందించాడు. తయారీకి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో అది మార్కెట్టుకు రాలేదు.

విద్యారంగము

1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో సాంకేతిక విద్యాసంస్థలను నెలకొల్పి, ప్రిన్సిపాలుగా పనిచేశాడు. నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాలకు మూలం ఇదే. చేతిపని ద్వారా నేర్పితే ఇంజనీరింగుకు నాలుగేళ్ళు అవసరం లేదని, రెండేళ్ళు చాలునని ఈయన అభిప్రాయం. దీనికి ప్రభుత్వం అంగీకరించకపోవడంతో పదవి నుండి తప్పుకున్నాడు.

మరణము

నాయుడు 1974, జనవరి 4న మరణించాడు. ఈయన సేకరించిన, రూపొందించిన యంత్రాలను కోయంబత్తూరులోని ప్రదర్శనశాలలో భద్రపరిచారు. ఈయన పేరిట నడిచే ధర్మసంస్థ 2015లో అక్కడే పాత కార్ల ప్రదర్శనశాలను ప్రారంభించింది.