బెర్ట్రండ్ రస్సెల్ : అణ్వస్త్ర నిషేధోద్యమము

గణితమునకు తార్కికమైన పునాదులు వెదకిన మేధావిగా ప్రసిద్ధి కెక్కిన బెర్ట్రండ్ రస్సెల్ తన వార్ధక్యమును అణ్వస్త్ర నిషేధమునకై ధారపోసెను. 1872 మే 18వ తేదీన మన్మత్‌షైరులోని ట్రెలెక్ గ్రామమున ఆయన జన్మించెను. పితామహుడు లార్డ్ జాన్ రస్సెల్ రెండు పర్యాయములు బ్రిటిషు ప్రధానమంత్రిగా నుండెను. నాలుగేండ్లు నిండకమునుపే తల్లిదండ్రులు గతింపగా నాయనమ్మ పెంపకమున పెరిగి, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో విద్య నభ్యసించెను. వైట్‌హెడ్‌తో గూడి రచించిన ప్రిన్సిపియా మాథమాటికా 1910-13 సంవత్సరముల నడుమ మూడు సంపుటములుగా వెలువడెను.

మొదటి ప్రపంచయుద్ధమును ప్రతిఘటించినందున 1916లో ట్రినిటీలోని ఉద్యోగమును కోల్పోయెను; 1918లో ఆరు మాసముల శిక్షకు గురియై బ్రిక్స్‌టన్ చెరసాల కేగెను. అయినను ఆయన సర్వయుద్ధ విరోధి కాడు. రెండవ యుద్ధకాలమున నాజీలను ఎదిరించుట తప్పదని అంగీకరించెను. అంతకుముందు భారత స్వాతంత్ర్యమునకై లండనులో పనిచేసిన ఇండియా లీగునకు అధ్యక్షుడుగా నుండెను.

అణ్వస్త్ర విషయమున ఆయన అభిప్రాయము ఒక్కనాట స్థిరపడినది కాదు. హిరోషిమాపై వేసినదానికంటె ఎన్నోరెట్లు ప్రబలమైన బాంబులు రాగలవని 1945 నవంబరులోనే ప్రభువుల సభలో హెచ్చరించెను. కాని ఆ తరువాతి కొలది యేండ్లలో, అమెరికాకు మాత్రమే ఆ ఆయుధము గలదు గనుక, యుద్ధభయము చూపియైనను సోవియట్ రష్యాను అంతర్జాతీయ నియంత్రణమునకు లోబరచవలెనని వాదించెను. అట్లు వాదింపలేదని కొంతకాలము పలికినను తుదకు ఒప్పుకొనెను. 1949లో రష్యాయు బాంబును పరీక్షించెను. 1954 మార్చిలో బికినీ దీవికడ పేల్చిన హైడ్రోజన్ బాంబు ధూళి జపాను జాలరులపై పడెను. ఇట్టి యుద్ధమున జయాపజయములకు అర్థము లేదని ఆయన నిశ్చయించుకొని, ఆ డిసెంబరులో బి.బి.సి. ద్వారమున ప్రజలకు విన్నవించెను. 1955 ఏప్రిలులో ఐన్‌స్టైన్ మరణవార్త ఆయనకు విమానములో తెలిసెను. పారిస్ చేరగా ఐన్‌స్టైన్ సమ్మతిపత్రము అచట వేచియుండెను. 11 మంది సంతకములుగల ఆ ప్రకటన జూలై 9న లండనులో వెలువడెను. దాని ఫలముగా 1957లో కెనడాలోని పగ్‌వాష్ గ్రామమున శాస్త్రజ్ఞులు సమావేశమైరి.

పండితుల విన్నపములు మాత్రమే చాలవని తోచి రస్సెల్ సామాన్యజనమువైపు తిరిగెను. 1958 ఫిబ్రవరిలో వెలసిన అణు నిరాయుధీకరణ ఉద్యమసంస్థకు అధ్యక్షుడయ్యెను. ఆ ఈస్టరు దినములలో వేలకొలది జనులు లండను నుండి అణ్వస్త్ర పరిశోధనాలయము గల ఆల్డర్‌మాస్టనునకు నాలుగు దినములు నడచిరి. నాడు వారు మోసిన గుర్తే నేడు లోకమెల్ల ఎరిగిన శాంతిచిహ్నము. శాసనోల్లంఘనము విషయమున సహచరులతో భేదించి 1960లో ఆ పదవిని విడిచి, నూర్గురి సమితి స్థాపనకు పూనుకొనెను. 1961 ఫిబ్రవరిలో రక్షణశాఖ కార్యాలయము ముందు వేలమందితో నేలపై గూర్చుండెను. ఆ సెప్టెంబరున, శాసనోల్లంఘనమునకు జనులను పురికొల్పె నను అభియోగముపై న్యాయస్థానము రెండు మాసముల శిక్ష విధించి, ఆరోగ్యమును బట్టి ఒక వారమునకు తగ్గించెను. భార్య ఈడిత్‌కును శిక్ష తప్పలేదు. 89 ఏండ్ల వయస్సున ఆయన తిరిగి బ్రిక్స్‌టన్ చెరసాల చేరెను.

1962లో క్యూబా సంక్షోభమున కెనెడీ, క్రుశ్చేవులకును, సరిహద్దు యుద్ధమున నెహ్రూ, చౌ ఎన్‌లైలకును శాంతికై వర్తమానములు పంపెను. 1963 ఆగస్టు 5న మాస్కోలో అమెరికా, బ్రిటను, రష్యాలు సంతకము చేసిన ఒడంబడిక గాలిలో, నీటిలో, అంతరిక్షమున పరీక్షలను నిషేధించెను. భూగర్భ పరీక్షలు మాత్రము మిగిలెను. 1970 ఫిబ్రవరి 2న వేల్సులో రస్సెల్ కన్నుమూసెను. ఆయన కోరిన సంపూర్ణ నిషేధము సిద్ధింపలేదు. అయినను, బాంబును బెదిరింపు సాధనముగా భావించిన దశను దాటి, దాని నిర్మూలనకై వృద్ధాప్యమున చెరసాల కేగుటకు వెనుదీయని ఈ పరిణామము ఆయన జీవితచరిత్రలో విస్మరింపరాని ఘట్టము.