మన్యం వీరుడు – ఆయన చేతికొచ్చిన 26 తుపాకులు

మా హాస్టల్ వరండాలో అల్లూరి సీతారామరాజు పటం ఉంది. గడ్డం, కాషాయం, చేతిలో విల్లు, వీపున అమ్ములపొది. జూలై 4న దానికి పూలదండ వేస్తాము. ఒకసారి దండ వేసి దిగుతుండగా ఆరో తరగతి తమ్ముడొకడు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు తెచ్చాడని పాఠంలో ఉంది గదా, మరి పటంలో విల్లు ఎందుకుందని. పెద్ద తరగతుల వాళ్ళమై ఉండి మాకు జవాబు తోచలేదు. ఆ జవాబు వెతుక్కుంటూ చదివిన సంగతులే ఈ వ్యాసం.

సీతారామరాజు 1897 జూలై 4న విశాఖపట్నం జిల్లా పాండ్రంగిలో పుట్టారు. తండ్రి వెంకటరామరాజు గారు ఫోటోలు తీసి కుటుంబాన్ని పోషించేవారు. పిల్లవాడికి పదకొండేళ్ళకే తండ్రి కలరాతో చనిపోయారు. అప్పటినుంచి తల్లి సూర్యనారాయణమ్మ గారు, తహశీల్దారుగా పనిచేసే చిన్నాన్న రామకృష్ణంరాజు గారు ఆదుకున్నారు. రాజమండ్రి, కాకినాడ, నరసాపురం, విశాఖపట్నం ఇలా ఊరు మారినప్పుడల్లా బడి మారింది. చదువు పూర్తి కాలేదు. తండ్రి లేని పిల్లవాడి చదువు ఎన్నిచోట్ల ఆగుతుందో మన హాస్టల్లో చాలామందికి తెలిసిన సంగతే. చదువు మానాక ఉత్తరదేశ యాత్రలు చేసి, సన్యాసి వేషంతో మన్యం చేరి కృష్ణదేవిపేట ప్రాంతంలో నిలిచారు.

అక్కడ ఆయన చూసినది ఏమిటి? 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండవాళ్ళ పోడు వ్యవసాయం నేరమైంది. అడవిలో కట్టె కొడితే కేసు, పశువును తోలితే జుల్మానా. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ రోడ్డు పనులకు జనాన్ని తోలి చెప్పిన కూలి ఇవ్వలేదు. ఈ ఒక్క మాట మా ఇళ్ళలో చెబితే చాలు, మిగతాది మా అవ్వతాతలే చెబుతారు. కరువు పనుల్లో మట్టి మోసి, కొలతలు తగ్గించారని గట్టు మీద కూర్చుని ఏడ్చిన వాళ్ళు వాళ్ళు. రాజుగారు మొదట తాగుడు మాన్పించారు, పంచాయితీలు పెట్టించారు, ఖద్దరు కట్టించారు. ఆ తరువాతనే ఆయుధాల మాట వచ్చింది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరుసగా మూడు రోజులు మూడు స్టేషన్లు. తీసుకున్న ఆయుధాల లెక్కను స్టేషన్ పుస్తకంలోనే రాసి సంతకం పెట్టి వచ్చారు. దొంగలం కామని చెప్పడానికి ఇంతకంటె మంచి పద్ధతి మాకు తెలియదు. మొత్తం దొరికినవి 26 తుపాకులు, 2,500 పైచిలుకు తూటాలు. వీటిని కొన్ని పుస్తకాలు మస్కెట్లంటాయి, కొన్ని కార్బైన్లంటాయి.

ఇక్కడ తుపాకి గొట్టం గురించి కొంచెం చెప్పాలి. మాలో ఎన్.సి.సి.కి వెళ్ళినవాళ్ళు క్యాంపులో .22 రైఫిల్ పట్టుకున్నారు గనుక ఈ సంగతి సులభంగా అర్థమైంది. మందు పేలగానే పుట్టే వేడి వాయువు, తూటా గొట్టం దాటేదాకా దాన్ని వెనకనుంచి తోస్తూనే ఉంటుంది. గొట్టం పొడుగైతే తోపు ఎక్కువసేపు, తూటాకు వేగం ఎక్కువ. గురి చూసే రెండు గుర్తులూ దూరందూరంగా ఉంటాయి కనుక గురి కూడా కుదురుతుంది. గొట్టం పొట్టిదైతే మోయను తేలిక, పొదల్లో తగులుకోదు, చప్పున తిప్పవచ్చు. కాని మందు పూర్తిగా కాలకముందే తూటా బయటపడుతుంది. మూతి దగ్గర మంట పెద్దదవుతుంది, చప్పుడు చెవులు అదరగొడుతుంది. బ్రిటిషు సైన్యంలో కాల్బలానికి సుమారు 30 అంగుళాల గొట్టం, గుర్రపు దళానికి 21 అంగుళాల గొట్టం ఉండేవి. దక్షిణాఫ్రికా యుద్ధం తరువాత ఈ రెండూ తీసేసి అందరికీ 25 అంగుళాల గొట్టంతో ఒకే తుపాకి చేశారు. మన పోలీసుల భుజాన చాలా ఏళ్ళు కనిపించిన త్రీనాట్ త్రీ ఆ వంశానిదే.

కణేకల్లు చెరువుకట్ట మీద నిలబడితే చూపుకు అడ్డులేదు. హగరి ఇసుకదిబ్బల దాకా బయలే. ఇలాంటి చోట పొడుగు గొట్టానిదే పైచేయి. దాగను చెట్టు లేదు. మన్యం అలా కాదు. నాలుగు బారల దూరంలో మనిషి ఉన్నా కనపడడు. వెయ్యి గజాలు పోయే తూటాకు అక్కడ పనేముంది? రాజుగారు బలం చూసుకున్నది గొట్టంలో కాదు, చోటులో. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో అదే జరిగింది. దారి ఇరుకు. ముందు నడుస్తున్న మన దేశపు సిపాయిలను పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చారు.

అదే ఏడు డిసెంబరు 6న పెదగడ్డపాలెం వరిచేలలో దెబ్బ తిన్నారు. చేలంటే బయలు. పోలీసుల దగ్గర మరతుపాకులున్నాయి. రాజుగారి మనుషులు చనిపోయారు, కష్టపడి తెచ్చిన తుపాకులు కొన్ని పోయాయి. చోటు మారితే బలం ఎట్లా మారుతుందో ఈ రెండు పోరాటాలూ పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది.

ఇక తూటాల లెక్క. మా లెక్కల పుస్తకంలో ఇలాంటి లెక్క ఇవ్వరు. 2,500 తూటాలను 26 తుపాకులకు పంచితే తలా 96. పోరాటం నడిచింది ఇరవై నెలలు. అంటే తుపాకికి నెలకు ఐదు తూటాలు కూడా రావు. తరువాత అక్కడక్కడ దొరికినవి వేరు. తూటాను కొండలో ఎవరూ పోసుకోలేరు. బాణాన్ని మాత్రం సాయంత్రం కూర్చుని చెక్కుకోవచ్చు. దానికి మంట లేదు, పొగ లేదు, చప్పుడు లేదు, కొట్టినవాడు ఎక్కడున్నాడో తెలియదు. తమ్ముడి ప్రశ్నకు మాకు తోచిన జవాబు ఇదే. పటంలో విల్లు అందానికి పెట్టినది కాదు.

1923 సెప్టెంబరులో గాం మల్లుదొర పట్టుబడ్డాడు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్సు దిగింది. రాజుగారి తలకు పదివేల రూపాయలు వెల కట్టారు. ఆయన కోసం గూడేలలో జనాన్ని కొట్టారు, తిండిగింజలు అందకుండా చేశారు. 1924 మే 7న మంప దగ్గర ఆయనను పట్టుకుని, కొయ్యూరులో చెట్టుకు కట్టి, విచారణ లేకుండా మేజర్ గూడాల్ కాల్పించాడు. ఆయనకు అప్పటికి ఇరవై ఏడేళ్ళు నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. గాం గంటందొర జూన్‌లో పోరాడుతూ చనిపోయాడు.

ఇంకొక సంగతి చదివి మేము ఆశ్చర్యపోయాము. సరిగా ఇరవై ఏళ్ళకు, 1944లో, బర్మా వంటి అడవుల్లో జపానువాళ్ళతో పోరాడడానికి ఆ త్రీనాట్ త్రీనే పొట్టి చేశారు. గొట్టం 19 అంగుళాలకంటె తక్కువకు దిగింది. మంట పెద్దదై సిపాయి జాడ తెలియకుండా, కళ్ళు బైర్లు కమ్మకుండా మూతికి గరాటులాంటి తొడుగు బిగించారు. అయినా అది భుజాన్ని గట్టిగా తన్నేదట, గురి కూడా నిలిచేది కాదట. దానికి జంగిల్ కార్బైన్ అని పేరు. అడవిలో పొడుగు తుపాకి పనికిరాదని రాజుగారి మనుషులకు ఎవరూ పాఠం చెప్పలేదు.

మల్లుదొరకు ఉరిశిక్ష పడి, తరువాత అది మారి అండమాను వెళ్ళాడు. బతికి బయటపడ్డాడు. 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మా వరండాలో ఆయన పటం లేదు. వచ్చే ఏడాది వార్షికోత్సవానికి చందాలు మిగిలితే తెప్పించాలని అనుకున్నాము.