కన్నెగంటి హనుమంతు

కన్నెగంటి హనుమంతు (మరణం: 1922 ఫిబ్రవరి) పల్నాడు పుల్లరి సత్యాగ్రహానికి నాయకత్వం వహించిన రైతు, స్వాతంత్ర్య సమరయోధుడు. అడవిలో పశువులను మేపుకొన్నందుకు బ్రిటిషు ప్రభుత్వం వసూలు చేసిన పుల్లరి అనే పన్నును ధిక్కరించి, మించాలపాడులో పోలీసుల తుపాకిగుండ్లకు బలి అయ్యాడు. అప్పటి గుంటూరు జిల్లాలో సహాయ నిరాకరణోద్యమ కాలంలో జరిగిన మూడు ప్రసిద్ధ పోరాటాలలో (చీరాల-పేరాల, పెదనందిపాడు, పల్నాడు) పల్నాడు పోరాటానికి ఇతని పేరే గుర్తుగా నిలిచింది.

ప్రాంత నేపథ్యము

పల్నాడుకు ఉత్తరాన కృష్ణానది, పడమటను దక్షిణాన నల్లమల కొండలు ఉన్నాయి. నాగులేరు, చంద్రవంక వంటి వాగులు ఈ సీమలో ప్రవహిస్తాయి. నది పక్కనే ఉన్నా, నాగార్జునసాగర్ కాలువలు రాకముందు ఇక్కడి సేద్యం చాలావరకు వాన మీదనే ఆధారపడేది. నాపరాతి నేలలు, తక్కువ వర్షపాతం కారణంగా జొన్న, కొర్ర, వరిగ, ఆముదం వంటి మెట్ట పంటలే ఎక్కువగా పండేవి. పంట నమ్మకం లేని చోట రైతుకు పశువే ఆస్తి. దుక్కికి, బండికి ఎద్దులు, పాడికి ఆవులు, గేదెలు, ఎరువుకు మందలు కావాలి. జొన్నచొప్ప వామి వేసవి ముగిసేదాకా చాలేది కాదు. వామి తరిగిపోయిన తరువాత పశువులకు అడవే దిక్కు.

మేత ఒక్కటే కాదు, నాగలికి, బండికి కావలసిన కలప, ఇంటికప్పుకు బోద, వెదురు, పొయ్యికి కట్టెలు, పొలానికి పచ్చిరొట్ట ఎరువు కూడా అడవి నుండే వచ్చేవి. గొల్లల గొర్రెల మందలు, లంబాడీ తండాల పశువులు ఆ అడవినే నమ్ముకొని ఉండేవి.

అడవి లోపల నివసించే చెంచులకు అది ఇల్లు కూడా. దుంపలు తవ్వుకోవడం, వేటాడడం, కొండచరియల మీదనుండి తాళ్ళతో దిగి పొగబెట్టి తేనె తీయడం వారి జీవనాధారాలు. కుంకుడు కాయలు, చింతపండు, తపసి జిగురు, చిల్లగింజలు సేకరించి, వాటికి బదులుగా మైదాన గ్రామాల నుండి ధాన్యం, ఉప్పు, బట్ట తెచ్చుకొనేవారు. ఈ విధంగా ఊరి బ్రతుకు, అడవి బ్రతుకు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండేవి.

అటవీ చట్టము, పుల్లరి

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దానిననుసరించి ప్రభుత్వం విస్తారమైన అడవులను రిజర్వు అడవులుగా ప్రకటించి హద్దురాళ్ళు నాటింది. అంతవరకు వాడుక వలన సంక్రమించిన హక్కు, అనుమతి పొంది అనుభవించవలసిన సౌకర్యంగా మారిపోయింది. పశువును అడవిలోకి తోలాలంటే తలకు ఇంత అని రుసుము కట్టి చీటీ తీసుకోవాలి. ఈ రుసుమునే ప్రజలు పుల్లరి అన్నారు. చీటీ లేకుండా దొరికిన పశువులను బందెలదొడ్డికి తోలేవారు. జరిమానా కట్టి విడిపించుకొనేలోగా దుక్కి అదను దాటిపోయేది. డబ్బు చేతిలో లేని కరవు సంవత్సరంలోనే పశువుకు అడవి మేత ఎక్కువ అవసరం. పుల్లరి భారం కూడా ఆ సంవత్సరంలోనే ఎక్కువగా తగిలేది. కిందిస్థాయి అటవీ సిబ్బంది మామూళ్ళు అడగడం, చీటీ ఉన్నా పశువులను పట్టడం వంటి ఫిర్యాదులు దీనికి తోడయ్యాయి.

ఈ అసంతృప్తి పల్నాడుకే పరిమితం కాదు. రైతుల ఫిర్యాదుల ఫలితంగా మద్రాసు ప్రభుత్వం 1913లో ఒక అటవీ సంఘాన్ని నియమించింది. గ్రామాల వాడుకలో ఉన్న అడవులను పంచాయతీలకు అప్పగించవచ్చునని ఆ సంఘం సూచించింది. అయితే పల్నాడు రైతుకు పుల్లరి బాధ తీరలేదు.

పల్నాడు సత్యాగ్రహము

1921లో సహాయ నిరాకరణోద్యమం గ్రామాలకు వ్యాపించినప్పుడు పల్నాడు ప్రజలు దానిని తమ కష్టంతో జోడించుకొన్నారు. చీటీలు తీసుకోకుండానే పశువులను రిజర్వు అడవులలోకి తోలారు. మాచర్ల, వెల్దుర్తి, దుర్గి ప్రాంతాల గ్రామాలలో ఉద్యమం బలపడింది. అటవీ, రెవెన్యూ ఉద్యోగులను ప్రజలు సాంఘికంగా బహిష్కరించారు. మంగలి, చాకలి వారికి పని చేయలేదు. అంగళ్ళలో సరుకులు దొరకలేదు.

పరిస్థితులను విచారించడానికి కాంగ్రెసు నాయకులు ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచార్యులు పల్నాడు వచ్చారు. ప్రభుత్వం వారి నుండి మంచి నడవడికకు హామీ కోరింది. వారు నిరాకరించగా ఏడాది జైలుశిక్ష పడింది. లక్ష్మీనారాయణ తన ప్రసిద్ధ నవల మాలపల్లిని జైలులోనే రచించాడు.

పట్టణ నాయకులు జైలు పాలైన తరువాత ఉద్యమం ఊళ్ళలోని రైతుల చేతులలో నిలిచింది. వారిలో ముఖ్యుడు హనుమంతు. ఇతడు దుర్గి సమీపంలోని మించాలపాడుకు చెందిన సామాన్య రైతు కుటుంబీకుడు. పెద్ద చదువులు గాని, పదవులు గాని లేవు. పశువులు కలిగి, అడవి మీద ఆధారపడిన కాపు కనుక, పుల్లరి భారం ఇతనికి స్వానుభవం. చుట్టుపక్కల గ్రామాల రైతులను కూడగట్టి, పుల్లరి కట్టవద్దని, పశువులను బందెలదొడ్డికి తోలనివ్వవద్దని ప్రచారం చేశాడు.

మించాలపాడు కాల్పులు

1922 ఫిబ్రవరి మొదటి వారంలో చౌరీచౌరా సంఘటన జరిగింది. దాని కారణంగా ఫిబ్రవరి 12న బార్డోలీలో సమావేశమైన కాంగ్రెసు కార్యవర్గం శాసనోల్లంఘనను నిలిపివేసింది. పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన సాగిన పన్ను నిరాకరణ కూడా ఆ నెలలోనే ఆగిపోయింది. పల్నాడులో మాత్రం ఉద్యమం చల్లారలేదు. ఒక తీర్మానంతో పశువులకు ఆకలి ఆగదు. పుల్లరి ఉన్నంతవరకు ఇక్కడి తగవుకు కారణం అలాగే ఉంది.

ఆ ఫిబ్రవరి చివరి భాగంలో అటవీ అధికారులు సాయుధ పోలీసులతో మించాలపాడు వచ్చి పశువులను పట్టుకొన్నారు. గ్రామస్థులు అడ్డుకొన్నారు. పోలీసులు కాల్పులు జరిపారు. హనుమంతు, అతనితోపాటు మరికొందరు నేలకొరిగారు. గాయపడి పడి ఉన్న హనుమంతు దాహమని అడిగినా, నీరు పోయడానికి పోలీసులు ఎవరినీ దగ్గరకు రానివ్వలేదని పల్నాడులో నేటికీ చెప్పుకొంటారు. కాల్పుల తరువాత ఉద్యమం క్రమంగా అణగారిపోయింది.

తరువాతి పరిణామాలు

హనుమంతు మరణించిన ఆరు నెలలకు, 1922 ఆగస్టులో, తూర్పు కనుమలలో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం తిరుగుబాటు మొదలైంది. పోడు వ్యవసాయంపై ఆంక్షలు, అటవీ ఉద్యోగుల వేధింపులు దాని కారణాలలో ముఖ్యమైనవి. పల్నాడు ఉద్యమ కాలంలో గుంటూరు కలెక్టరుగా ఉన్న రూథర్‌ఫర్డ్‌నే తరువాత మన్యం తిరుగుబాటును అణచడానికి ప్రత్యేక కమిషనరుగా నియమించారు. పల్నాడు రైతు, మన్యం గిరిజనుడు వేరువేరు మార్గాలలో పోరాడినా, ఇద్దరి ఎదుట ఉన్నది 1882 నాటి అటవీ చట్టమే.

స్వాతంత్ర్యానంతరం పల్నాడు రూపురేఖలు మారాయి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి 1967లో నీరు విడుదలైన నాగార్జునసాగర్ వలన మెట్టపొలాలు అనేకం మాగాణి అయ్యాయి. రైతుకు అడవితో అవసరం తగ్గింది. అడవినే నమ్ముకొన్న చెంచులకు ఆ అవసరం తగ్గలేదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారు సేకరించిన తేనె, జిగురు వంటి ఉత్పత్తులను కొనుగోలు చేస్తూ వచ్చింది. నల్లమలలో అధిక భాగం 1983లో పులుల అభయారణ్యం కావడంతో రాకపోకలపై కొత్త కట్టుబాట్లు వచ్చాయి. అడవిపై ఆధారపడినవారి వాడుక హక్కులను చట్టం గుర్తించడానికి 2006 నాటి అటవీ హక్కుల చట్టం దాకా ఆగవలసివచ్చింది. అంటే హనుమంతు మరణించి అప్పటికి 84 సంవత్సరాలు.

స్మృతి

పల్నాడు ప్రాంతంలో హనుమంతు విగ్రహాలు ఉన్నాయి. వర్ధంతి సందర్భంగా ఫిబ్రవరిలో అతనిని స్మరిస్తారు. అతడు మరణించి వంద సంవత్సరాలు నిండిన 2022లోనే, ఏప్రిల్ 4న, నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధవీరుల సరసన ఈ సీమ ప్రజలు హనుమంతు పేరును కూడా చెప్పుకొంటారు. ఆ వీరులు రాజ్యం కోసం పోరాడినవారు. హనుమంతు పోరాడినది పశువుల మేత కోసం.