బోసు గారి లెక్క

పోపులపెట్టెలో రెండు గిన్నెలు ఖాళీగా ఉన్నాయనుకోండి. రెండు శనగగింజల్ని వాటిలో ఎన్ని రకాలుగా వేయొచ్చు? గింజలకి రాముడు, సోముడు అని పేర్లు పెడితే 4 రకాలు. ఏది ఏదో చెప్పలేనంతగా ఒకేలా ఉంటే 3 రకాలే. ఈ కాస్త తేడాకేనా అంత పేరు అని మొదట నేనూ అనుకున్నాను.

సత్యేంద్రనాథ్ బోస్ 1894 జనవరి 1న కలకత్తాలో పుట్టారు. 1915లో ఎమ్మెస్సీలో మొదటి ర్యాంకు. 1921లో ఢాకా యూనివర్సిటీలో రీడరుగా చేరారు. అక్కడే కాంతి కణాల్ని పేర్లు లేని గింజల్లా లెక్కపెట్టి చూస్తే, ప్లాంక్ సూత్రం సూటిగా వచ్చేసింది. ఆ వ్యాసం ఇంగ్లండు పత్రికలో రాలేదు. 1924లో ఏకంగా ఐన్‌స్టీన్‌కే పంపేశారు. ముప్పయ్యేళ్ల మాస్టారు, డాక్టరేట్ కూడా లేదు! ఐన్‌స్టీన్ దాన్ని స్వయంగా జర్మన్‌లోకి మార్చి అచ్చువేయించారు. అదే లెక్క పరమాణువులకీ వేసి, బాగా చల్లబరిస్తే అవి ఒకే స్థితిలో చేరిపోతాయని చెప్పారు.

బోసు గారు తర్వాత కలకత్తా వచ్చేశారు. సైన్సు అమ్మభాషలో చెప్పాలని 1948లో బెంగాలీ పత్రిక మొదలుపెట్టారు. ఎసరాజ్ వాయించేవారు. కలకత్తా యూనివర్సిటీలో ఫిజిక్స్ డాక్టరేట్ పొందిన తొలి మహిళ పూర్ణిమా సిన్హా ఆయన శిష్యురాలే. తనకి లేని పట్టా ఒక ఆడపిల్ల చేతికి అందించారన్నమాట. నోబెల్ రాకుండానే 1974 ఫిబ్రవరి 4న కన్నుమూశారు.

ఐన్‌స్టీన్ చెప్పింది 1995లో అమెరికాలోని బౌల్డర్‌లో రుజువైంది. రుబీడియం పరమాణువుల్ని మైనస్ 273 డిగ్రీల దరిదాపులకి చల్లబరిచి సాధించారు. అదే ఊళ్లో 2010లో డెబొరా జిన్, జున్ యే బృందం అంత చలిలో అణువులు ఢీకొనే తీరు చూసింది. మామూలు వేడిలో అణువులు ఎసట్లో బియ్యంలా పరుగులు పెడతాయి. అంత చలిలో అలల్లా పరుచుకుంటాయి. అప్పుడు అవి అచ్చంగా ఒకేలా ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం. జిన్ వాడిన పొటాషియం-రుబీడియం అణువులు బోసు గారి జాతి కావు, ఫెర్మీ జాతివి. ఒకే స్థితిలో ఉంటే దగ్గరికి రావు, రసాయన చర్య నెమ్మదిస్తుంది. రెండు స్థితుల్లో ఉంటే 10 నుంచి 100 రెట్లు వేగం.

జిన్ 2016లో, 47 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయారు. ఢాకాలో మొదలైన గింజల లెక్కని అంత దూరం తీసుకెళ్లింది ఒక ఆడమనిషని మన అమ్మాయిలకి చెప్పండి.